కారు రిమోటు పలుకకున్నపుడు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

(ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు వ్రాసినది)



ఈ పత్రికలో ఎరువులు, విత్తనములు, కొబ్బరిచెట్ల తెగుళ్లు, సంఘపు ఋణములు మున్నగువానిని గూర్చి చదువుట మీకు వాడుక. ఈ నెల మోటారుకారు తాళపుచెవిని గూర్చి వ్రాయుచున్నందుకు కొందఱికి వింతగా తోచవచ్చును. కాని కోనసీమలో నేడు కారు కేవలము విలాసవస్తువు కాదు. గౌతమీ వసిష్ఠల నడుమ పాయలతోను కాలువలతోను చుట్టబడిన ఈ సీమలో రాత్రివేళ పురుడు వచ్చినను, పాము కఱచినను, ముసలివారికి గుండెనొప్పి వచ్చినను అమలాపురమునకో, యెదుర్లంక వంతెన దాటి కాకినాడకో, చించినాడ వంతెన దాటి పాలకొల్లునకో పోవలసియుండును. రాజోలు, మలికిపురము ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయిన కుమారులు కొనియిచ్చిన కార్లు పెక్కు ఇండ్లయొద్ద కొబ్బరిచెట్ల నీడను నిలిచియున్నవి. వానిని నెలకొక పర్యాయము కదలించువారే యెక్కువ. అక్కఱ వచ్చిన రాత్రియే అట్టి కారు మొండికెత్తును.

రిమోటు మీట నొక్కగా కారు పలుకదు. ఇంటిలో గాభరా పుట్టును. ఒకరు అద్దము పగులగొట్టుదమందురు. మఱియొకరు త్రాళ్లు కట్టి లాగించుదమందురు. మఱునాడు రిమోటే చెడినదని తలచి క్రొత్తది వేయించినచో వేల రూపాయలు కర్చగును. తుదకు చూడగా చెడినది కొన్ని పదుల రూపాయలకు దొరకు బిళ్ల బ్యాటరీ మాత్రమే యగుట కలదు. లేదా రిమోటు నిక్షేపముగా నుండి, కారులోని పెద్ద బ్యాటరీ చచ్చియుండుట కలదు. ఈ రెంటికిని గల తేడా తెలిసినవాడు పది నిమిషములలో బయలుదేరగలడు. తెలియనివాడు తెల్లవారువఱకు మెకానిక్కు కొఱకు ఎదురుచూచును. ఆ తేడాను తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తలుపు తెఱచునది ఎవరు?

రిమోటు తలుపు తెఱచుచున్నదని మన మనుకొందుము. అది సరికాదు. రిమోటు కబురు మాత్రము పంపును. తలుపు తెఱచునది కారే. ఆత్రేయపురము మండలములోని లొల్ల లాకులను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. లాకు తలుపు లెత్తుమని కబురు తెచ్చువా డొకడు. తలుపు లెత్తు లస్కరు వేఱొకడు. కబురు రాకున్నను తలుపు లేవదు. కబురు వచ్చినను లస్కరు మూలబడియున్నచో తలుపు లేవదు. తలుపు లేవకుండుట ఒక్కటే గాని, కారణములు రెండు.

మీ చేతిలోని రిమోటులో నాణెమువంటి బిళ్ల బ్యాటరీయు, చిన్న రేడియో యంత్రమును ఉండును. మీట నొక్కగానే ఆ యంత్రము గాలిలోనికి ఒక సంకేతమును పంపును. మన దేశపు కార్లలో పెక్కింటికి ఈ సంకేతము 433 మెగాహెర్ట్‌జుల ప్రాంతమున నడచును. కారులోని పెట్టె ఆ సంకేతమును విని, తనదే యని పోల్చుకొని, ప్రతి తలుపులోను అమర్చిన చిన్న మోటార్లకు విద్యుత్తును పంపును. ఈ విద్యుత్తు రిమోటుది కాదు. ఇంజను ప్రక్కనుండు 12 వోల్టుల పెద్ద బ్యాటరీది. నాలుగు తలుపులును ఒక్కసారిగా తాళము పడుట, తెఱచుకొనుట దీనివలననే. దీనినే సెంట్రల్ లాకింగు అందురు.

ఈ రిమోటు పద్ధతి మిక్కిలి పాతది కాదు. ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీవారు 1982 ప్రాంతమున తమ ఫ్యూగో కారునకు దీనిని అమర్చి ప్రచారములోనికి తెచ్చిరి. దానిని కల్పించిన పాల్ లిప్‌షుట్జ్ పేరునుబట్టి ఫ్రెంచివారు దానిని 'ప్లిప్' అని పిలిచిరి.

ఒక చెవిలో మూడు చెవులు

నేటి తాళపుచెవి చూచుటకు ఒక్కటియైనను అందులో మూడు వేర్వేఱు సాధనములు కలవు. ఈ సంగతి తెలిసిన సగము భయము తీరును.

మొదటిది, పైన చెప్పిన రేడియో. దీనికి బిళ్ల బ్యాటరీ కావలయును.

రెండవది, దొంగలనుండి ఇంజనును కాపాడు చిన్న చిప్పు. దీనికి బ్యాటరీ అక్కఱలేదు. చెవిని తాళపురంధ్రములో పెట్టినపుడు గాని, మీట నొక్కి ఇంజను నడుపు కార్లలో చెవిని ఆ మీటకు తాకించినపుడు గాని, కారులోని తీగచుట్టయే ఆ చిప్పునకు కొంచెము శక్తినిచ్చి దానిచే జవాబు చెప్పించుకొనును. జవాబు సరియైనదైనచో ఇంజను కదలును.

మూడవది, లోహపు చెవి. దీనికి విద్యుత్తుతో పనియే లేదు. మీట కార్లకు లోహపు చెవి లేదని కొందఱు తలంతురు. కలదు. రిమోటు డిప్పప్రక్కనుండు చిన్న గొళ్లెమును జరిపి లాగిన లోపలనుండి బయటికి వచ్చును. దానికి తగిన రంధ్రము డ్రైవరు తలుపు పిడియొద్ద నుండును. కొన్ని కార్లలో దానిపై చిన్న మూత కప్పియుండును.

కాబట్టి బిళ్ల బ్యాటరీ పూర్తిగా చచ్చినను, పెద్ద బ్యాటరీ బాగున్నంతవఱకు మీరు కారు తెఱవగలరు, నడుపగలరు. అద్దము పగులగొట్టవలసిన పని యెంతమాత్రము లేదు.

దోష మెక్కడనున్నదో కనుగొను క్రమము

వైద్యుడు నాడి చూడకుండ మందియ్యడు. అట్లే ఈ క్రింది వరుసలో పరీక్షింపవలెను. వరుస తప్పించరాదు.

1. కారునకు రెండడుగుల దూరములో నిలిచి మీట నొక్కుడు. దూరమునుండి పలుకని కారు చేరువనుండి పలికినచో బిళ్ల బ్యాటరీ నీరసించినదని యర్థము.

2. ఇంటిలోని రెండవ చెవిని తెచ్చి నొక్కుడు. ఇది పనిచేసినచో కారు బాగున్నది. దోషము మొదటి రిమోటులోనిదే.

3. రెండు చెవులును పనిచేయకున్న, లోహపు చెవితో డ్రైవరు తలుపు తెఱవుడు. కారులోపలి కప్పుదీపము వెలుగుచున్నదా? హారను గట్టిగా మ్రోగుచున్నదా? దీపము వెలుగక, లేక ఎఱ్ఱబారి మినుకుమినుకుమనుచు, హారను మూల్గినట్లు మ్రోగినచో పెద్ద బ్యాటరీ చచ్చినది. రిమోటును నిందింపరాదు.

4. దీపము, హారను చక్కగా నుండి, ఇంజనుకూడ నడచుచు, రెండు రిమోటులకును తలుపులు పలుకకున్నచో సెంట్రల్ లాకింగు ఫ్యూజు పోయియుండవచ్చును. ఫ్యూజుల పెట్టె మూతమీద గాని, కారుతో ఇచ్చిన పుస్తకములో గాని ఏ ఫ్యూజు దేనిదో గుర్తులుండును. పోయినదాని స్థానమున అంతే ఆంపియరులుగల ఫ్యూజునే వేయవలెను. రాగితీగ చుట్టుట కారును తగులబెట్టుకొనుటయే.

5. ఒక్క తలుపు మాత్రమే మొండికెత్తినచో ఆ తలుపులోని చిన్న మోటారు చెడియుండును, లేదా తలుపు బందులయొద్ద రబ్బరు గొట్టములోనుండి పోవు తీగ మడతపడి తెగియుండును. ఇది మెకానిక్కు చేయవలసిన పని. వేసిన తాళము వెంటనే తానై తెఱచుకొనుచున్నచో ఏదో ఒక తలుపు గాని, డిక్కీ గాని సరిగా మూయబడలేదేమో ముందుగా చూడవలెను.

6. ఒక చోట పలుకక మఱొక చోట పలికినచో రిమోటును ఏమియు చేయరాదు. ప్రసార స్తంభములవంటివాని చేరువ ఇతర సంకేతములు అడ్డుపడుట కలదు. రిమోటును కారునకు దగ్గఱగా పట్టి మరల ప్రయత్నింపవలెను, లేదా లోహపు చెవిని వాడవలెను.

బిళ్ల బ్యాటరీ మార్చుట

ఈ బ్యాటరీ వాడుకనుబట్టి రెండు మూడు సంవత్సరములు వచ్చును. చచ్చుటకు ముందు అది సూచనలిచ్చును. మునుపు పదిగజముల దూరమునుండి పలికిన కారు మూడు గజములకు గాని పలుకదు. ఒకసారికి బదులు రెండుమూడు సార్లు నొక్కవలసివచ్చును. రిమోటుపైని చిన్న దీపము మందగించును. కొన్ని కార్లలో స్టీరింగు ముందరి పలకపై హెచ్చరిక కనబడును. ఎండుటాకు కనబడగానే చెట్టు మొదలు చూచు రైతు ఈ సూచనలను ఉపేక్షింపరాదు.

బిళ్లపై చెక్కిన అంకెలను చదువుట నేర్చుకొనుడు. సీఆర్ 2032 అనగా వ్యాసము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు. సీఆర్ 2025 అనగా అదే వ్యాసము, మందము 2.5. సీఆర్ 1620 అనగా వ్యాసము 16, మందము 2. అన్నిటికిని 3 వోల్టులే యైనను ఒకదానికి బదులు వేఱొకటి వేయరాదు. పలుచని బిళ్ల వదులై, కుదుపులకు స్పర్శ తప్పును. మందపు బిళ్లను నొక్కిపెట్టిన రేకులు వంగిపోవును. పాత బిళ్లను దుకాణమునకు తీసికొనిపోయి అవే అంకెలుగలదానిని, మూసిన పొట్లములో నున్నదానిని, గడువు తేదీ చూచి కొనవలెను.

రిమోటు డిప్పను తెఱచుటకు సందులో చిన్న నాణెమును గాని, గుడ్డ చుట్టిన పలుచని స్క్రూడ్రైవరును గాని పెట్టి మెల్లగా త్రిప్పవలెను. పాత బిళ్ల ఏ ముఖము పైకి నున్నదో చూచి గుర్తుంచుకొనుడు. ధనపు గుర్తు బిళ్లపై చెక్కియుండును. మన తీరపు ఉప్పుగాలికి, తోటల చెమ్మకు లోపలి రేకులు మసకబారుట కలదు. అట్లున్న పెన్సిలు చెరుపు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. పిల్లలు మ్రింగకుండుటకై కొన్ని బిళ్లలకు చేదు పూత పూయుదురు; అది స్పర్శకు అడ్డుపడిన, పొడిగుడ్డతో ఆ ముఖమును తుడిచిన చాలును. చెమ్మచేతులతో ఈ పని చేయరాదు.

రిమోటు నీటిలో పడినచో వెంటనే బిళ్లను తీసివేయవలెను. ఉప్పునీటిలో పడినదైనచో ముందుగా మంచినీటితో కడిగి, నీడను గాలికి బాగుగా ఆరనిచ్చి, పిమ్మట క్రొత్త బిళ్ల వేయవలెను. మండుటెండలో పెట్టుట, పొయ్యిదగ్గఱ ఆరబెట్టుట పనికిరాదు.

జేబులో నున్నపుడే కారు గుర్తించు రకపు చెవులను టెలివిజను, కంప్యూటరు, ఫోను చార్జరువంటివానిని ఆనించి ఉంచరాదు. ఆ చెవి ఎల్లపుడు ఏదో యొకటి వినుచున్నట్లే యుండి బిళ్ల త్వరగా అరుగును.

బిళ్ల మార్చినను పలుకకున్న

రిమోటు ప్రతిసారియు ఒకే సంకేతమును పంపదు. దొంగ దానిని పట్టి మరల వాడకుండుటకై నొక్కిన ప్రతిసారియు సంకేతము మాఱును. రాబోవు సంకేతమేదో కారునకును తెలిసియుండును. కారునకు దూరమున పిల్లలు రిమోటును ఆటవస్తువుగా చేసి పలుమాఱులు నొక్కినచో రిమోటు లెక్క ముందునకు పోయి, కారు లెక్క వెనుకబడును. కొంత మేరవఱకు కారు సరిపెట్టుకొనును. మేర దాటిన రెండును ఒకదాని నొకటి గుర్తింపవు.

అపుడు లోహపు చెవితో కారు తెఱచి, చెవిని తాళపురంధ్రములో పెట్టి త్రిప్పి, రిమోటు మీటను కొంతసేపు నొక్కిపట్టుట అనేకమైన కార్లకు చెప్పబడిన విధానము. కొన్నిటికి ఇంజను నడిపిన చాలును. క్రమము కారు కారునకు వేఱు కావున కారుతో ఇచ్చిన పుస్తకమును చూడవలెను. ఇదియు ఫలింపకున్నపుడే కంపెనీ పనిశాలకు పోవలెను. పోవునపుడు ఇంటిలోని చెవులన్నిటిని తీసికొనిపోవుట మంచిది. కొన్ని కార్లలో ఒక చెవిని క్రొత్తగా నమోదుచేయునపుడు అక్కడ లేని చెవి లెక్కలోనుండి తొలగిపోవును.

చెవిని గుర్తింపని మీట కార్లలో ఇంజను నడుపుటకు చెవిని ఎక్కడ తాకింపవలెనో ఆ పుస్తకముననే యుండును. పెక్కింటిలో ఇంజను మీటకే తాకించుదురు. కొన్నిటిలో స్టీరింగు ప్రక్కనో, గిన్నెవంటి గూటిలోనో చోటుండును. లోహపు చెవితో తెఱచినపుడు దొంగహెచ్చరిక మ్రోగిన భయపడవలదు. ఇంజను నడిపిన ఆగును.

పెద్ద బ్యాటరీ కథ

కోనసీమలో రిమోటు చెడినదని వచ్చు ఫిర్యాదులలో దూరదేశపు కుమారుల కార్ల సంగతి వేఱు. అవి ఎక్కువగా కదలవు. కదలని కారు నిద్రించుచున్నట్లు కనబడినను నిజముగా నిద్రింపదు. రిమోటు కబురు కొఱకు చెవియొగ్గి యుండుటకు, దొంగహెచ్చరికకు, గడియారమునకు కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచునే యుండును. లెక్క చూడుడు. అది 30 మిల్లీ ఆంపియరులు త్రాగుననుకొందము. దినమునకు 0.72 ఆంపియరు గంటలు. 30 దినములకు 21.6. చిన్నకారు బ్యాటరీ 35 ఆంపియరు గంటలదైనచో నెలకు సగమునకు మించి ఖాళీయగును. ఆ మీద పాతబడిన బ్యాటరీ యైనచో ఇంజనును త్రిప్పజాలదు.

వోల్టుమీటరు ఉన్నవారు రాత్రియంతయు కదలని కారు బ్యాటరీని ప్రొద్దుట చూడవలెను. 12.6 వోల్టులు నిండుకుండ. 12.2 సగము. 11.8 వట్టికుండ. ఇంజను నడచుచుండగా 13.8 నుండి 14.5 వఱకు ఉన్నచో అది బ్యాటరీని నింపుచున్నదని యర్థము. వారమునకు ఒకసారియైనను కారును అరగంటసేపు రోడ్డుపై నడిపించుట మంచి నివారణము. ఇంటిముందు నిలిపి ఐదు నిమిషములు ఇంజను తిరుగనిచ్చుట చాలదు. ఇంజను త్రిప్పుటకు తీసికొన్న శక్తియైనను తిరిగి చేరకపోవచ్చును.

బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని బూజువంటి ఉప్పు పేరుకొనిన స్పర్శ తగ్గును. ఇంజను ఆపి, ముందుగా ఋణపు తీగను, పిదప ధనపు తీగను విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో తడిపిన గుడ్డతో తుడిచి, బాగుగా ఆరనిచ్చి, బిగించునపుడు ముందు ధనమును, తరువాత ఋణమును బిగించి, పైన వేసలీను పూయవలెను.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ పనిచేయునపుడు చెవిని కారులో పెట్టి తలుపులు మూయరాదు. బ్యాటరీ తీగ తిరిగి తగిలినపుడు కొన్ని కార్లు తమంతతాము తాళము వేసికొనును. చెవి జేబులో నుండవలెను. డ్రైవరు ప్రక్క అద్దము దింపియుండవలెను. పెద్ద బ్యాటరీ చచ్చినపుడు విద్యుత్తుతో తెఱచు డిక్కీ తెఱచుకొనదు. బానెట్టు మాత్రము లోపలి తీగమీటతో తెఱచుకొనును గనుక లోహపు చెవియే దిక్కు.

ఇంకొక బండినుండి బలము తెచ్చుకొనుట

చచ్చిన బ్యాటరీకి వేఱొక బండి బ్యాటరీనుండి లావు తీగలద్వారా శక్తిని అందించి ఇంజను నడుపవచ్చును. ట్రాక్టరుతోను ఈ పని జరుగును. కాని దాని బ్యాటరీపై 12 వోల్టులని యున్నదా యని ముందుగా చూడవలెను. లారీలు, బస్సులు సాధారణముగా 24 వోల్టులవి. వానితో కలిపిన కారులోని సున్నితమైన యంత్రములన్నియు కాలిపోవును. ఇది మఱువరాదు.

తీగలు కలుపు వరుస ఇది. ఎఱ్ఱతీగను ముందు చచ్చిన బ్యాటరీ ధనమునకు, పిదప మంచి బ్యాటరీ ధనమునకు తగిలింపవలెను. నల్లతీగను మంచి బ్యాటరీ ఋణమునకు తగిలించి, దాని రెండవ కొనను చచ్చిన బ్యాటరీకి గాక, ఆ కారు ఇంజనుమీది రంగులేని లోహభాగమునకు, బ్యాటరీకి దూరముగా, తగిలింపవలెను. ఏలయనగా బ్యాటరీనుండి హైడ్రోజను అను మండు వాయువు వెలువడుట కలదు. చివర తగిలించునపుడు వచ్చు నిప్పురవ్వ దానిని అంటుకొనరాదు. ఆ చేరువ చుట్ట, బీడీ, దీపము పనికిరావు. ఇంజను నడచిన పిదప తీగలను తగిలించిన వరుసకు వ్యతిరేకముగా విప్పవలెను. ఉబ్బినదియు, పగిలినదియు, ఆమ్లము కారుచున్నదియు నైన బ్యాటరీకి ఈ ప్రయోగము చేయనేరాదు.

విద్యుత్తుతో నడచు కార్లలోను తలుపుల కొఱకు వేఱుగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ యుండును. అది చచ్చిననాడు పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను కారు పలుకకపోవచ్చును. అట్టి కార్లలో నారింజరంగు తొడుగుగల తీగలను ఎవ్వరును తాకరాదు.

వరదలు, కాలువగట్లు

2022 జులైలో ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి మన లంకలు మునిగినపుడు ఇండ్లతోపాటు బండ్లును నీట నిలిచినవి. తివాచీవఱకు నీరు చేరిన కారును బ్యాటరీ విప్పకుండ, తాళము త్రిప్పి చూచుట పెద్ద తప్పు. తలుపుల మోటార్లు, వాని పెట్టెలు తడిసియుండును. ఋణపు తీగను విప్పి, కారును కదలింపక మెకానిక్కునకు చూపవలెను. వరద హెచ్చరిక వచ్చినపుడు రెండవ చెవిని పత్రములతోపాటు నీరు చొరని సంచిలో పెట్టుకొనుట మంచిది.

మన రోడ్లలో పెక్కు కాలువగట్లే. కారు కాలువలో పడినచో అద్దములు దింపు మోటార్లు కొద్దిసేపు మాత్రమే పనిచేయును. తలుపు తెఱవవలెనని పెనుగులాడరాదు; బయటి నీరు దానిని నొక్కిపట్టును. ఫోనులో మాటలాడుచు కూర్చుండరాదు. వెంటనే బెల్టులు విప్పి, అద్దములు దింపి, పిల్లలను ముందుగా బయటికి పంపి, పెద్దలు వెలువడవలెను. అద్దము దిగకున్న పగులగొట్టుటకు మొనగల చిన్న సుత్తిని డ్రైవరు చేతికందునట్లు బిగించి యుంచవలెను. ప్రక్క అద్దపు మూలను కొట్టవలెను. ముందు అద్దము పొరలతో అతికినది, పగిలినను ఊడదు.

పిల్లల సంగతి

ఇంతవఱకు చెప్పినది డబ్బును, కాలమును గూర్చినది. ఇక చెప్పబోవునది ప్రాణములను గూర్చినది.

2025 మే 18వ తేదీ ఆదివారమునాడు విజయనగరము చేరువనున్న ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకొనుచు, నిలిపియున్న కారులోనికి పోయి, తలుపులు పడిపోగా బయటికి రాలేక ఊపిరాడక మరణించిరి. (ఇది మండపేటయొద్ద మన మెఱిగిన ద్వారపూడి కాదు, కాని అట్టి కారు మన వీధిలోను నిలిచియున్నది.) ఎండలో మూసియున్న కారు పొయ్యివంటిది. బయట 35 డిగ్రీలున్నపుడు లోపల ఒక గంటలోపుగనే 50 దాటగలదు. ఆ వేడిమిలో పెరుగుదల పెద్దభాగము మొదటి అరగంటలోనే జరుగును. అద్దము రెండంగుళములు దింపినంతమాత్రమున అది తగ్గదు. పిల్లల శరీరము పెద్దలకంటె మిక్కిలి త్వరగా వేడెక్కును.

కాబట్టి కదలని కారునకు సయితము ఎల్లపుడు తాళము వేయవలెను. బ్యాటరీ చచ్చి సెంట్రల్ లాకింగు పనిచేయని కారు మఱింత ప్రమాదకరము. రిమోటు పలుకలేదని తలుపులను తాళము లేకుండ విడువరాదు. ఒక్కొక్క తలుపును చేతితోనైనను బిగించి, చివరి తలుపునకు లోహపు చెవి వేయవలెను. వెనుక తలుపులకు పిల్లల గొళ్లెము వేసియున్న అవి లోపలనుండి తెఱచుకొనవు. ఈ సంగతి పిల్లలకు తెలియదు. తాళము పడిన కారులో చిక్కినచో ముందు సీటులోనికి ప్రాకి, ముందు తలుపు పిడి లాగవలెననియు, అది తెఱచుకొనకున్న హారను నొక్కుచునే యుండవలెననియు ప్రతి పిల్లవానికి కారులో కూర్చుండబెట్టి నేర్పుడు. పెక్కు కార్లలో చెవి లేకున్నను హారను మ్రోగును. మీ కారులో మ్రోగునో లేదో నేడే నొక్కి చూడుడు. పిల్ల కనబడనపుడు చెఱువు, నూతితోపాటు నిలిపిన కార్లను, డిక్కీలను మొట్టమొదట వెదుకుడు. లోపల బిడ్డ చిక్కి సొమ్మసిల్లియున్న, బిడ్డకు దూరముగానున్న ప్రక్క అద్దమును పగులగొట్టుటకు ఒక్క క్షణమైనను సందేహింపరాదు.

రెండవ గండము ఈ బిళ్ల బ్యాటరీయే. చిన్నబిడ్డ దానిని మ్రింగినచో అది గొంతునాళములో నిలిచి, రెండు గంటలలోపుగనే కాల్చి పుండు చేయగలదు. పాత బిళ్లలోను ఇంత హాని చేయు శక్తి మిగిలియుండును. మ్రింగినట్లు అనుమానము కలిగినంతనే 108కి ఫోను చేసి, ఎక్సురే తీయగల ఆసుపత్రికి వెంటనే కొనిపోవలెను. వాంతి చేయింపరాదు, అన్నపానము లియ్యరాదు. సంవత్సరము దాటిన బిడ్డ మ్రింగి 12 గంటలు గడవనిచో, ఆసుపత్రికి పోవు త్రోవలో పది నిమిషముల కొకసారి రెండు చిన్న చెంచాల తేనె, ఆరుసార్లకు మించకుండ, ఇయ్యవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. తేనెకొఱకు ప్రయాణమును మాత్రము ఆలస్యము చేయరాదు. తీసిన పాత బిళ్లకు రెండు ముఖములకును టేపు అంటించి, పిల్లల కందనిచోట దాచి, చెడిన విద్యుత్‌పరికరములను తీసికొనువారికి ఇచ్చివేయవలెను. పొయ్యిలో వేయరాదు.

ఈ వారముననే చేయవలసినవి

మొదట, మీ రిమోటునుండి లోహపు చెవిని బయటికి తీసి, దానితో డ్రైవరు తలుపును తెఱచి చూడుడు. ఏండ్లతరబడి వాడని రంధ్రము మన ఉప్పుగాలికి త్రుప్పుపట్టియుండవచ్చును. అట్లున్న పొడి గ్రాఫైటు వేయించి ఆడునట్లు చేయుడు. రెండవది, ఇంటిలోని స్త్రీలకును, పెద్దపిల్లలకును చీకటిలో ఈ పని చేయుట నేర్పుడు. అక్కఱ వచ్చిన రాత్రి యజమాని ఊరిలో నుండడు. మూడవది, రెండవ చెవిని కారులో గాక ఇంటిలో, తెలిసిన చోట పెట్టుడు. క్రొత్తకారుతో చెవి సంఖ్య గల చిన్న బిళ్ల ఇచ్చియున్నచో దానిని పత్రములతో దాచుడు. చెవి పోయిననాడు దాని విలువ తెలియును. నాల్గవది, తగిన అంకెలుగల ఒక బిళ్ల బ్యాటరీని పొట్లము విప్పకుండ పెట్టెలో తాళము వేసి యుంచుడు. అయిదవది, మూడేండ్లు దాటిన పెద్ద బ్యాటరీని వానకాలమునకు ముందుగా పరీక్షింపించుడు.

గల్ఫులోనో అమెరికాలోనో నున్న కుమారుడు ఇంటికి ఫోను చేసినపుడు కారును కడిగినారా యని యడుగును. ఈ వారము నడిపినారా, లోహపు చెవి యెక్కడనున్నదో అమ్మకు తెలియునా యని అడుగుట మేలు.

సంఘములకును ఒక మనవి. ఒక్కొక్క ఇంటివారు కొనలేని వస్తువులను కలిసి కొనుకొనుటయే మన సంఘముల పుట్టుకకు కారణము. బ్యాటరీలు కలుపు లావు తీగల జత యొకటి, వోల్టుమీటరొకటి సంఘ కార్యాలయములో నున్నచో ఊరిలోని కార్లు, ట్రాక్టర్లు అన్నిటికిని పనికివచ్చును. రాత్రివేళ వాని నెవరియొద్ద అడుగవలెనో పలకమీద వ్రాసి తగిలించుట మఱువరాదు. ఆ తీగలను కలుపు వరుసను ఒక సమావేశమునాడు నిజమైన బండిమీద చేసి చూపించినచో, చదువు రానివారును నేర్చుకొందురు.

రిమోటు కబురు మాత్రమే. పని పెద్ద బ్యాటరీది. రెండును తప్పిననాడు దిక్కు లోహపు చెవి. ఈ మూడు మాటలు ఇంటిల్లిపాదికి తెలిసినచో అర్ధరాత్రి వాకిట నిలిచిన రోగి అమలాపురము చేరుటకు ఆలస్యము కాదు.